మొద్దు ఆమోదించిన అభిప్రాయాలు

ఇకనుంచి తనకు వ్యక్తిగత అభిప్రాయాలు ఉంటాయని మంత్రిగారు సోమవారం ఉదయం విలేకరుల సమావేశంలో ప్రకటించారు. తిండి, నడక, పెంపుడు జంతువులు మొదలైన నిత్యజీవిత విషయాలన్నింటి మీదా దశలవారీగా అభిప్రాయాలు ఏర్పరచుకుంటామని, మొదటి దశ ఈ వారంలోనే మొదలవుతుందని చెప్పారు. ఇన్నాళ్ళూ అభిప్రాయాలు లేకపోవడానికి గత ప్రభుత్వమే కారణమని కూడా అన్నారు. విలేకరులు రాసుకున్నారు.

దీని వెనక ఒక సంగతి ఉంది. అంతకుముందు వారం టీవీ యాంకర్ ఒకామె ఇంటర్వ్యూలో, పొద్దున్నే ఏం తింటారు సార్ అని అడిగింది. మంత్రిగారు కాసేపు ఆలోచించి, ఆ అంశం పరిశీలనలో ఉందన్నారు. ఆ ముక్క ఊరంతా ఫోన్లలో తిరిగింది. పార్టీ పెద్దలు పిలిపించి, మీరు జనానికి మనిషిలా కనిపించడం లేదు, మంత్రివర్గ విస్తరణలోపు కనిపిస్తే మంచి శాఖ ఇస్తాం, లేకపోతే ఉన్నది కూడా ఉండదు, అని చెప్పి పంపారు.

మనిషిలా కనిపించే పనిని మంత్రిగారు తన పీఆర్వోకి అప్పగించారు.

పీఆర్వో అంతకుముందు ముగ్గురు మంత్రుల దగ్గర పనిచేశాడు. ముగ్గురి ఆవేదనా అతనే రాశాడు, ముగ్గురి హర్షమూ అతనే రాశాడు. సంతాపాల్లో చెయ్యి తిరిగినవాడు. అతని ప్రకటన ఒక్కటి కూడా ఇంతవరకు వివాదం కాలేదు. అందుకు కారణం అతను కాదు, అతని కుక్క. ఆ విషయం ఆఫీసులో ఎవరికీ తెలియదు.

కుక్క పేరు మొద్దు. కూతురు పట్టుబడితే ఊరి చివర కుక్కల ఆశ్రయం నుంచి తెచ్చుకున్నారు. ఎడమ చెవి సగమే ఉంది, వీపు మీద నల్ల మచ్చ. పీఆర్వో ఏది రాసినా ఇంట్లో సోఫాలో కూర్చుని పైకి చదువుతాడు. మొద్దు ఎదురుగా కూర్చుని వింటుంది. మూడో వాక్యానికి నిద్రపోతే ఆ ప్రకటనలో విషయమేమీ లేదని, నిశ్చింతగా పంపించవచ్చని అర్థం. చెవి లేపినా, మొరిగినా, ఆ వాక్యంలో ఏదో ఉందన్నమాట. దాన్ని కొట్టేస్తాడు.

ఇదేం విడ్డూరమని అతను ఒకసారి భార్యతో అన్నాడు.

"విడ్డూరమేముందండీ? నిజం రాసినప్పుడు మీ గొంతు మారుతుంది. అది కుక్కకు తెలుస్తోంది. నాకు తెలీదనుకుంటున్నారా?" అని ఆవిడ కూరలు తరుక్కుంది.

మొదటి అభిప్రాయం ఆహారం మీద. పొద్దున్నే ఒక పండు తినడం ఒంటికి మంచిదని పీఆర్వో రాశాడు. మొద్దు నిద్రపోయింది. కాగితం మంత్రిగారి పీయే దగ్గరికి వెళ్ళింది. పీయే మంత్రిగారికంటే జాగ్రత్తపరుడు.

"ఏ పండు?" అన్నాడు.

"ఏదైనా సార్."

"ఏదైనా అంటే ఎలాగయ్యా? ఫోటోలో అరటిపండు పెడితే యాపిల్ వాళ్ళు ధర్నాకి కూర్చుంటారు. పొద్దున్నే అని ఎందుకు? రాత్రి డ్యూటీల వాళ్ళు ఓట్లు వెయ్యరా?"

పీయే దాన్ని న్యాయాధికారికి పంపాడు. ఆయన 'సాధారణంగా' అని చేర్చాడు. ఆర్థికాధికారి 'నిధుల లభ్యతకు లోబడి' అని చేర్చాడు. చివరికి మంత్రిగారి అభిప్రాయం ఇలా తేలింది: పొద్దున గాని, ఇతర వేళల్లో గాని, పండు గాని, పండుతో సమానమైన ఇతర పదార్థం గాని, నిధుల లభ్యతకు లోబడి తినడం సాధారణంగా మంచిదని కొందరు భావిస్తుండగా, వారి భావనను మంత్రిగారు గౌరవిస్తారు.

మంత్రిగారు దాన్ని పీఆర్వోతో రెండుసార్లు చదివించుకుని విన్నారు.

"సరిగ్గా నా మనసులో ఉన్నదే" అన్నారు.

మంగళవారం పేపర్లో అది రావడం, ఆఫీసులో ప్రతి బల్ల మీదా పండు వెలియడం ఒకేసారి జరిగాయి. గుమస్తాలు నిమ్మకాయ పెట్టుకున్నారు. సూపరింటెండెంటు దానిమ్మ పెట్టుకున్నాడు. డిప్యూటీ డైరెక్టరు పుచ్చకాయ తెప్పించాడని తెలిసి డైరెక్టరు గుమ్మడికాయ తెప్పించాడు. అది కూర కదా అని ఎవరో గొణిగితే, వృక్షశాస్త్రం ప్రకారం గుమ్మడి కూడా పండేనని తాఖీదు ఇచ్చాడు. ఆ కాయ చాటున ఆయన మూడు రోజులపాటు ఎవరికీ కనిపించలేదు. అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళు గుమ్మడికాయకే చెప్పుకుని వెళ్ళారు. కొందరి పని అయింది కూడా.

బుధవారం వ్యాయామం. లిఫ్టు కంటే మెట్లు మేలని మంత్రిగారి అభిప్రాయం. ఆ మధ్యాహ్నమే మనుషులకు లిఫ్టు బంద్ చేశారు. మంత్రిగారి గది ఆరో అంతస్తులో ఉంది కాబట్టి ఆయన పైకి వెళ్ళడం మానేసి కింద కార్లోనే కూర్చుని పరిపాలన సాగించారు. ఫైళ్ళకు అభిప్రాయం వర్తించదు కాబట్టి లిఫ్టులో ఫైళ్ళు తిరిగాయి. మోకాళ్ళ నొప్పులున్న సూపరింటెండెంటు ఒకాయన మెడలో ఫైలు నంబరు వేలాడేసుకుని వాటి మధ్య కూర్చున్నాడు.

"మీరు ఫైలా సార్?" అని లిఫ్టు ఆపరేటరు అడిగాడు.

"అర్జెంటు ఫైలు" అన్నాడాయన.

ఆపరేటరు నేరుగా ఐదో అంతస్తుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన్ని దింపి, రసీదు రాయించుకున్నాడు.

గురువారం కుక్కల వంతు. ఆశ్రయంలో ఉన్న కుక్కలను ఇంటికి తెచ్చుకోవడం మంచిదని రాయాలి. పీఆర్వోకి ఇది నల్లేరు మీద నడక కావలసింది. కానీ ఆ పొద్దున కూతురు ఫోన్ చేసింది. బడివాళ్ళు క్యాంపుకి తీసుకెళ్ళారు, ఆదివారం సాయంత్రం వస్తుంది. తండ్రితో ఒక ముక్క మాట్లాడి, ఫోను మొద్దు చెవి దగ్గర పెట్టమంది. సగం చెవి దగ్గర కాదు నాన్నా, రెండో చెవి, అంది. ఏం చెప్పిందో గానీ మొద్దు తోక చాలాసేపు ఆడింది.

ఆ తర్వాత రాయడానికి కూర్చున్నాడు. ఎప్పుడూ 'మంత్రిగారు భావిస్తున్నారు' అని రాసే చెయ్యి ఆ రోజు 'నేను' అని రాసింది. పైకి చదివితే మొదటి వాక్యానికే మొద్దు లేచి మొరిగింది. రెండోదానికి గది చుట్టూ పరుగెత్తింది. మొత్తం కొట్టేసి మళ్ళీ రాయాలి. కింద ఆఫీసు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎటూ పైవాళ్ళు ముగ్గురూ కలిసి కొట్టేస్తారు గదా అని పీఆర్వో కాగితం మడిచి ఇచ్చేశాడు.

పైవాళ్ళు ముగ్గురూ అప్పుడు మెట్ల మీద ఉన్నారు. న్యాయాధికారి రెండో అంతస్తు మలుపులో ఊపిరి తీసుకుంటున్నాడు. ఆర్థికాధికారి ఆయనకు మంచినీళ్ళు ఇస్తున్నాడు. పీయే మూడో అంతస్తు నుంచి ఇద్దరినీ రమ్మని పిలుస్తున్నాడు. కాగితం మాత్రం లిఫ్టులో ఆరో అంతస్తుకు వెళ్ళి, తీసుకునేవాళ్ళు లేక మళ్ళీ లిఫ్టులోనే కిందికి, కార్లో ఉన్న మంత్రిగారి చేతికి వచ్చింది. అంత పైదాకా వెళ్ళొచ్చిన కాగితాన్ని అందరూ చూసే ఉంటారని మంత్రిగారు అనుకున్నారు. దిగి, విలేకరుల ముందు చదివేశారు.

"మా ఇంట్లో ఉన్నది ఆశ్రయం నుంచి తెచ్చుకున్న కుక్క. పేరు మొద్దు. వీపు మీద నల్ల మచ్చ. ఎడమ చెవి సగమే ఉంది. మిగతా సగం ఏమైందో అది చెప్పలేదు, మేము అడగలేదు. నేను ఇంటికి రాగానే నన్ను చూసి సంతోషించేది అదొక్కటే. మీరూ వెళ్ళి ఒకదాన్ని తెచ్చుకోండి."

విలేకరులు రాయడం ఆపి తలలెత్తారు. ఒక కెమెరా అతను ముక్కు చీదుకున్నాడు. సాయంత్రానికి మంత్రిగారు మనిషేనని అన్ని చానళ్ళూ తేల్చేశాయి. పార్టీ పెద్దలు ఫోన్ చేసి, ఆదివారం ఆశ్రయం దగ్గర సభ పెట్టమన్నారు. కుక్కను వెంట తీసుకురమ్మన్నారు.

చదివింది మంత్రిగారే అయినా రాసిందెవరో పీఆర్వో భార్యకు తెలుసు. ఆ సాయంత్రం ఆవిడ అన్నం పెట్టింది. తింటుండగా ఒకే మాట అడిగింది.

"అదొక్కటేనా?"

పీఆర్వో మజ్జిగ పోసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే పీయే ఇంటికొచ్చాడు. వెంట ఇద్దరు పోలీసులు, కొత్త గొలుసు.

"మంత్రిగారి కుక్కను పంపించు" అన్నాడు.

"మంత్రిగారి కుక్క ఎక్కడిది సార్? ఇది మా మొద్దు."

"పేరు మొద్దు, సగం చెవి, నల్ల మచ్చ. మంత్రిగారు స్వయంగా ప్రకటించారు. మంత్రిగారి కుక్క మీ ఇంట్లో ఎందుకుందయ్యా? నేనింకా ఆ కోణంలోకి వెళ్ళలేదు."

పీఆర్వో ఆ కోణంలోకి వెళ్ళవద్దన్నాడు. అతని భార్య తలుపు దగ్గరికి వచ్చి, అది రాత్రిపూట దుప్పటి లేకపోతే పడుకోదని, పెరుగన్నంలో ఉప్పు వెయ్యకూడదని చెప్పింది. పీయే రెండూ రాసుకున్నాడు. కారు వెళ్ళాక ఆవిడ భర్త వైపు తిరిగింది.

"ఆదివారం సాయంత్రం పాప తలుపు తియ్యగానే ముందు మొద్దు కనిపించాలి. మీరు తర్వాత కనిపించినా ఫర్వాలేదు."

మంత్రిగారి ఇంట్లో మొద్దుకు ప్రత్యేకంగా గది ఇచ్చారు. ఫోటోలు దూరం నుంచి తీశారు. మంత్రిగారికీ కుక్కకూ మధ్య ఎప్పుడూ ఒక బల్ల ఉండేలా పీయే ఏర్పాటు చేశాడు. ప్రొటోకాల్ అన్నాడు. ఆ రాత్రి మొద్దు దుప్పటి నోట కరుచుకుని మంత్రిగారి గది ముందుకు వచ్చింది. మంత్రిగారు మంచం ఎక్కి నిలబడి, చేతిలో ఉన్న కాగితం అడ్డం పెట్టుకున్నారు. అది సహకార సంఘాల మీద ప్రసంగం. ఏం చెయ్యాలో తోచక చదవడం మొదలుపెట్టారు. మూడో వాక్యానికి మొద్దు నిద్రపోయింది.

అప్పటినుంచి అది కళ్ళు తెరిచినప్పుడల్లా మంత్రిగారు చదువుతూనే ఉన్నారు. శనివారం పీఆర్వో వెళ్ళేసరికి గత మూడు బడ్జెట్ ప్రసంగాలు అయిపోయాయి, నీటిపారుదల నడుస్తోంది. గొంతు బొంగురుపోయింది.

పీఆర్వో పీయేని పక్కకు పిలిచి, సభ అవగానే కుక్కను ఇచ్చేస్తారా అని అడిగాడు.

"ఇచ్చేయడమేమిటి? సార్ రేటింగు ఎంత పెరిగిందో చూశావా? పదవీకాలం అయ్యేదాకా అది ఇక్కడే."

"మా పాప రేపు వస్తుంది సార్."

"పాపకు ఇంకోటి ఇప్పిద్దాం. ఆశ్రయంలో బోలెడున్నాయట. సార్ చెప్పారు కదా, వినలేదా?"

పీఆర్వో ఇంటికొచ్చి ఖాళీ సోఫాలో కూర్చుని ఆదివారం ప్రసంగం రాశాడు. మధ్యలో ఒక వాక్యం పెట్టాడు: ఈ ఆశ్రయం పైకప్పు కారుతోంది, వానలు ముదిరేలోగా నేను బాగు చేయిస్తాను. మొద్దు ఆ వాక్యానికి తప్పక లేచి మొరుగుతుంది. మొరిగితే మంత్రిగారు దాన్ని ఆ క్షణమే వదిలించుకుంటారు. ఉద్యోగంలో చేరాక అతను కావాలని విషయం రాయడం ఇదే మొదటిసారి.

కానీ ఈసారి న్యాయాధికారి లిఫ్టు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. ఆదివారం పొద్దున కాగితం తిరిగొచ్చేసరికి ఆ వాక్యం ఇలా మారింది: పైకప్పు అనేది ఏ భవనానికైనా పైన ఉండవలసిన అంశమని మంత్రిగారి దృఢ విశ్వాసం.

ఆశ్రయం అంటే రెండు వరసల గదులు, రేకుల కప్పు, ముందు ఖాళీ జాగా. తుంపర పడుతోందని వేదికను రేకుల కిందే వేశారు. నడిపేది ఒక పెద్దావిడ. చీర చెంగు నడుముకు దోపుకుని గిన్నెలు కడుగుతోంది. వేదిక మీద గొలుసుతో ఉన్న కుక్కను చూసి, చేతులు తుడుచుకుంటూ పీఆర్వో దగ్గరికి వచ్చింది.

"బాబూ, అది మన మొద్దు కదూ?"

"మంత్రిగారిదమ్మా."

"మరి నీ వైపే చూస్తోందేం?"

పీఆర్వో వాచీ చూసుకున్నాడు. అయిదింటికి బడి బస్సు వస్తుంది. ఇప్పుడు మూడు దాటింది.

మంత్రిగారు చదవడం మొదలుపెట్టారు. మొద్దు మూడో వాక్యానికి ఆయన బూట్ల మీద తల పెట్టుకుని నిద్రపోయింది. కెమెరాలు దగ్గరికి జరిగాయి. పైకప్పు వాక్యం వచ్చింది, వెళ్ళింది. మొద్దు కదల్లేదు. ముందు వరసలో ఉన్న పార్టీ పెద్దలు కూడా కదల్లేదు. వాళ్ళలో ఇద్దరు నిద్రపోతున్నారు. ఇక తలుపు తీసిన పాపకు ముందుగా కనిపించేది తానేనని పీఆర్వోకి అర్థమైంది.

ప్రసంగం అయిపోయింది. అప్పుడు ఒక చిన్న పత్రిక విలేకరి, కొత్తగా చేరిన అమ్మాయి, ముందు వరసలో లేచి నిలబడింది.

"సార్, ఒక్కసారి మొద్దును ఎత్తుకుంటారా? ఫోటో కావాలి."

మంత్రిగారు కాగితం చూశారు. కాగితంలో అది లేదు. వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. పీయే వైపు చూశారు. పీయే న్యాయాధికారి వైపు చూశాడు. మంత్రిగారు పీఆర్వో వైపు చూశారు. పీఆర్వో జీవితంలో మొదటిసారి మంత్రి చూపును తప్పించుకుని రేకుల వైపు చూశాడు.

"ఎత్తుకోను" అన్నారు మంత్రిగారు. మైకు ఆన్‌లోనే ఉంది.

"ఎందుకు సార్?"

"భయం."

ఆ మాట ఆయన నోట్లోంచి రావడం ఆయనే విన్నారు. బాగున్నట్టు అనిపించింది కాబోలు, ఇంకోటి అన్నారు.

"కుక్కలంటే నాకు చచ్చేంత భయమమ్మా. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. పండ్లు నాకు పడవు, కడుపుబ్బరం. మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. ఈ కప్పు కారుతోంది, ఇందాకట్నుంచి నా నెత్తినే పడుతోంది. దీన్ని ఎవరూ బాగు చెయ్యరు. నేనూ చెయ్యను."

గొంతు మారింది. మొద్దు ఒక్క ఉదుటున లేచి మొరిగింది. మూడు రోజులుగా దాచుకున్నదంతా మొరిగింది. తోక ఆడిస్తూ రెండు కాళ్ళూ మంత్రిగారి చొక్కా మీద వేసింది. మంత్రిగారు కుర్చీ ఎక్కారు. అదీ ఎక్కింది. మంత్రిగారు బల్ల ఎక్కారు. పార్టీ పెద్దలు నిద్ర లేచి, విషయం తెలియక చప్పట్లు కొట్టారు. పెద్దలు కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. గదుల్లోని కుక్కలన్నీ అందుకున్నాయి.

పీఆర్వో ఈల వేశాడు. మొద్దు వేదిక మీంచి దూకి, గొలుసు ఈడ్చుకుంటూ, పార్టీ పెద్దల ఒళ్ళోంచి పరుగెత్తుకుంటూ వచ్చి అతని మీద పడింది. అతను కింద కూర్చుండిపోయాడు.

ఆశ్రయం పెద్దావిడ బల్ల మీదున్న మంత్రిగారిని తేరిపార చూసింది.

"మంచాయనే బాబూ" అంది. "ఇంతవరకు ఇక్కడికొచ్చిన వాళ్ళలో చెయ్యనని చెప్పింది ఈయనొక్కడే."

పీయే చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పెద్దలు మండిపడుతున్నారని, ఆరు గంటల వార్తల్లోపు వివరణ వెళ్ళాలని, లేకపోతే శాఖ సంగతి దేవుడెరుగు, సీటే ఉండదని చెప్పాడు.

"కుక్క సంగతేమిటి సార్?" అన్నాడు పీఆర్వో, గొలుసు చేతికి చుట్టుకుంటూ.

"ఏ కుక్క?" అన్నాడు పీయే. "సార్‌కి కుక్క ఉందని ఎవరన్నారు?"

పీఆర్వో కుక్కతో సహా ఆటో ఎక్కాడు. ఇంటికి రాగానే సోఫాలో కూర్చుని రెండు వాక్యాలు రాశాడు. మొద్దు తన చోట కూర్చుంది. అతని భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. పైకి చదివాడు.

"ఈ రోజు సభలో వెల్లడైనవి మంత్రిగారి వ్యక్తిగత అభిప్రాయాలు మాత్రమే. వాటితో మంత్రిగారికి ఎలాంటి సంబంధమూ లేదు."

మొద్దు మొదటి వాక్యానికి కళ్ళు మూసింది. రెండోదానికి గురక పెట్టింది. పీఆర్వో దాన్ని అన్ని పత్రికలకూ పంపించేశాడు. కింద బడి బస్సు ఆగింది. నిద్రపోతున్న మొద్దు రెండో చెవి లేచింది.